ఆచంద్రార్కం నుండి అయిదేళ్ళ దాకా

పానగల్ అనే పేరుతో దక్షిణ తెలంగాణంలో రెండు ఊళ్ళున్నాయి. ఒకటి పాలమూరు వైపు, ఇప్పటి వనపర్తి జిల్లాలో, బహమనీ సుల్తానులకూ విజయనగర రాజులకూ పోరు నడిచిన కోట ఉన్న ఊరు. రెండవది నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్నది. కందూరు చోడులు రాజధానిగా ఏలిన ఊరు. పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం, ఉదయసముద్రం అనే పెద్ద చెరువు ఈ రెండవ పానగల్‌వి. ఛాయా సోమేశ్వరుని గర్భగుడిలో కదలని నీడను చూడడానికి దూరదూరాల నుండి జనం వస్తారు. పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలో భద్రపరచిన శిలల దగ్గర మాత్రం ఆగేవారు తక్కువ. తెలుగు పండితునిగా బడిలో పని చేసిన ఇన్నేళ్ళలో నేను ఎక్కువగా ఆగినది ఆ రాళ్ళ దగ్గరనే.

ఆ కాలపు దానశాసనాలను నాలుగైదు చదివినవారికి వాటి నడక పట్టుబడుతుంది. ముందు దేవతాస్తుతి, తరువాత ఏలిక బిరుదులు, ఆపైన తిథివార నక్షత్రాలు. అసలు విషయం దాని తరువాత వస్తుంది. ఇచ్చినవారు ఎవరు, పుచ్చుకొన్నవారు ఎవరు, ఎన్ని మర్తురుల నేల, అది వెలిచేనా, చెరువు కింది నీరునేలా, తూర్పున ఏ గట్టు, పడమట ఏ వాగు, దేనికోసం ఇస్తున్నారు, ఎంతకాలం చెల్లుతుంది. ఈ చివరి ప్రశ్నకు జవాబు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ఆచంద్రార్కం. చంద్రుడూ సూర్యుడూ ఉన్నంతకాలం. ఈ మాట తప్పినవాడు అరవై వేల ఏండ్లు మలంలో పురుగై పడి ఉంటాడన్న శాపంతో శాసనం ముగుస్తుంది.

శాసనాలను పొగడడం నా ఉద్దేశం కాదు. భూమికి సంబంధించిన ఏ ఒడంబడికలోనైనా ఉండవలసిన అంగాలు నాలుగు అని ఆ రాళ్ళు నాకు నేర్పాయి: ఎల్లలు, ప్రయోజనం, కాలం, మాట తప్పితే ఏమిటన్నది. ఈ నాలుగింటిలో మొదటి దానిని మాత్రం సర్వే నెంబర్లతో సహా శ్రద్ధగా వ్రాసి, మిగిలిన మూడింటిని గాలికి వదిలేసిన ఒప్పందాలు గత పాతికేళ్ళలో మన మెట్టప్రాంతంలో ఎన్నో వచ్చాయి. వాటిలో కొన్ని పూర్తయ్యాయి. కొన్ని నడుమనే ఆగిపోయాయి. పూర్తయిన వాటి మంచిచెడ్డలను గురించి చాలామంది వ్రాశారు. నేను చెప్పదలచినది ఆగిపోయిన వాటిని గురించి. భూమి పోయిన రైతు దుఃఖం లోకానికి తెలుసు. భూమి పోయిందో ఉందో తెలియక ఏండ్లు గడిపిన రైతు దుఃఖానికి మన భాషలో ఇంకా పేరు లేదు.

ఇక్కడ ఒక మాటను గురించి చెప్పాలి. ఇప్పుడు ‘పరిహారం’ అంటే భూమి తీసుకొన్నందుకు ప్రభుత్వం చెల్లించే డబ్బు. పాత శాసనాల్లో ‘సర్వపరిహారం’ అంటే అన్ని పన్నుల నుండీ మినహాయింపు. తొలగించడం, విడిచిపెట్టడం అన్నదే ఆ మాటకు మూలార్థం. భూమి మీద ఉన్న బరువును దించడం ఒకనాటి పరిహారం. మనిషినే భూమి మీద నుండి దించడానికి చెల్లించేది నేటి పరిహారం. మాట అదే, అర్థం మాత్రం తలక్రిందులయింది.

అలాగని పాతకాలమే మంచిదని చెప్పబోను. రాజు ఇచ్చాడు, దేవుడు పుచ్చుకొన్నాడు, నడుమ ఆ నేలను దున్నుతున్నవాని పేరు చాలా శాసనాల్లో కనిపించదు. అతనిని అడిగారన్న దాఖలా అసలే లేదు. నిజాం కాలానికి వస్తే జాగీర్లు, మక్తాలు, ఇనాములు. ఊళ్ళకు ఊళ్ళు చేతులు మారాయి, దున్నేవాడు మాత్రం మారలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడంతో రగిలిన పోరాటానికి మూలం ఆ అడగకపోవడమే. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం ఆ పోరాటపు వేడిలోనే వచ్చాయి.

ఆ వెంటనే మా జిల్లాలోనే మరొక ఘట్టం జరిగింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఎదుట హరిజనులు తమకు 80 ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానోద్యమానికి అదే తొలి అడుగు. దాత గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు. అయితే ఉద్యమం దేశమంతా వ్యాపించిన తరువాత, నోటితో ఇచ్చిన భూమి కాగితం మీదికి, కాగితం మీది భూమి పేదవాని నాగలి కిందికి చేరడంలో ఎంతో భాగం నడుమనే నిలిచిపోయింది. భూదాన భూముల వివాదాలు నేటికీ న్యాయస్థానాల్లో నలుగుతున్నాయి. అంటే నిలిచిపోయిన భూ ఒప్పందం మనకు సెజ్‌లతో వచ్చిన కొత్త జబ్బు కాదు. ఇచ్చే మనసు ఉన్నచోట కూడా కాలనియమం లేకపోతే దానం సైతం నిలిచిపోతుందని పోచంపల్లి తరువాతి చరిత్ర చెబుతున్నది.

ఇక మెట్టనేల సంగతి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పడమటి, దక్షిణ భాగాలు ఎర్రచెలకలు, రాతిగుట్టలు. వాన సరిగా కురిస్తే జొన్న, కంది, ఆముదం. తరువాతి రోజుల్లో పత్తి. గుట్టల అంచుల్లో సీతాఫలం. గొర్రెలకూ మేకలకూ మేత. ఇటువంటి ప్రభుత్వ భూములను భూమిలేని దళితులకూ గిరిజనులకూ వెనుకబడిన కులాలవారికీ లావణి పట్టాల పేరిట పంచారు. వాటినే అసైన్డు భూములంటారు. 1977 నాటి చట్టం ప్రకారం వాటిని అమ్మరాదు, కొనరాదు. పేదవాని చేతిలో నుండి జారిపోకుండా కట్టిన కంచె అది. పెద్ద ప్రాజెక్టు వచ్చినప్పుడు ఆ కంచెకే ప్రభుత్వం వైపు నుండి తలుపు తెరుచుకొంటుంది. ఇచ్చినది మేమే గనుక తిరిగి తీసుకొంటాము అంటారు. అసైన్డు భూమికి కూడా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానపు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. అయినా పట్టాకు ఒక ధర, అసైన్డుకు అంతకు తక్కువ ధర అనే పద్ధతి తరువాత కూడా సాగింది.

పటం మీద ఈ భూములు ఖాళీగా కనిపిస్తాయి. ఆకాశం నుండి చూస్తే ఇంకా ఖాళీగా కనిపిస్తాయి. 2014 డిసెంబరులో తెలంగాణ తొలి ముఖ్యమంత్రి ఔషధ పరిశ్రమల పెద్దలను వెంటబెట్టుకొని ముచ్చర్ల పరిసరాలను హెలికాప్టరులో చూశారు. సాగర్ రహదారికీ శ్రీశైలం రహదారికీ నడుమ కందుకూరు, యాచారం, కడ్తాల్ మండలాల్లో 19,333 ఎకరాల్లో హైదరాబాదు ఫార్మాసిటీ కట్టాలన్నది ప్రణాళిక. వీటిలో కడ్తాల్ 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా ఆమనగల్లు మండలంలోని ఊరు. ముచ్చర్ల, మీరుఖాన్‌పేట, పంజాగూడ, మేడిపల్లి, నానక్‌నగర్, తాటిపర్తి, కుర్మిద్ద మొదలైన గ్రామాలు ఆ పటంలో చేరాయి. 2018లో పర్యావరణ అనుమతి వచ్చింది. 12 వేల ఎకరాలకు పైగా సేకరణ జరిగింది. కొందరు పరిహారం తీసుకొన్నారు. కొందరు ఒప్పుకోలేదు, వారి డబ్బును అధికారులు ప్రాధికార సంస్థ వద్ద జమచేశారు. భూమి రికార్డుల్లో పేర్లు మారాయి.

ఫార్మాసిటీ మాత్రం రాలేదు. 2023లో మేడిపల్లి, కుర్మిద్ద రైతుల వ్యాజ్యాల్లో ఉన్నత న్యాయస్థానం భూసేకరణ అవార్డులను కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం మారింది. ఫార్మాసిటీని ఆ రూపంలో కొనసాగించబోమని కొత్త ముఖ్యమంత్రి ప్రకటించారు. అయితే 2024లో న్యాయస్థానం ముందు ప్రభుత్వం చెప్పినది ప్రాజెక్టు రద్దు కాలేదనే. 2024 ఆగస్టులో మీరుఖాన్‌పేటలో నైపుణ్య విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగింది. 2025 మార్చిలో అక్కడి గ్రామాలను కలుపుకొని ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఔషధ నగరం కోసమని తీసుకొన్న భూమి మరో నగరానికి పునాది అయింది. 2014లో ఆ ఊళ్ళలో మూడవ తరగతి చదివిన పిల్లవాడు ఈ నడుమ ఓటరయ్యాడు. వాళ్ళ భూమి ఎవరిదన్న ప్రశ్నకు జవాబు చాలా ఇళ్ళలో ఇంకా తేలలేదు.

ఈ నడుమకాలంలో ఏమి జరుగుతుందో చూద్దాం. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన భూసేకరణ చట్టంలో 11వ విభాగం ఉన్నది. ప్రాథమిక ప్రకటన వెలువడిన రోజు నుండి ఆ భూమిపై ఏ లావాదేవీ చేయరాదు, తాకట్టు పెట్టరాదు. ధరలు పెంచుకోవడానికి దొంగ అమ్మకాలు జరగకుండా చేసిన ఏర్పాటు ఇది. ఉద్దేశం మంచిదే. దీనికి తోడు రిజిస్ట్రేషన్ చట్టం కింద నిషేధిత జాబితా ఒకటి. 2020 అక్టోబరులో ధరణి వచ్చిన తరువాత ఈ జాబితా కంప్యూటరులో ఒక మీట నొక్కినంత సులభమైంది. పేరు ఎక్కడం సులభం, దిగడం కష్టం. ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. జాబితాలు మాత్రం ఉన్నాయి.

ఆ వైపు ఊరివాడే, నా దగ్గర చదువుకొన్నవాడొకడు, ఇప్పుడు యాభై దాటినవాడు, ఆ మధ్య నల్లగొండకు పెండ్లికి వచ్చి నన్ను చూడడానికి వచ్చాడు. భూమి సంగతి అడిగాను.

“ఉన్నదంటె ఉన్నది, లేదంటె లేదు సార్. దున్నుకుంటె ఎవ్వరు అడ్డం వస్తలేరు. కాయితం మీద మాత్రం మాది కాదు. బ్యాంకుకు పోతె, నీ భూమి లిస్టుల పడ్డది అంటరు.”

“బోరు ఎండిందన్నావు గదరా, మళ్ళీ వేయించలేదా?”

“ఎట్ల ఏయిస్త సార్? రేపు లేచి పొమ్మంటె ఆ లక్ష రూపాయలు ఎవరిస్తరు?”

బోరు వేయించకపోవడం అన్న ఆ ఒక్క మాటలో నేను చెప్పదలచినదంతా ఉంది. రైతు భూమి మీద పెట్టే ఖర్చు ఈ ఏడాది పంట కోసమే కాదు. గట్టు వేస్తాడు, చెరువుమట్టి తోలిస్తాడు, పశువుల పెంట వేస్తాడు, బావిలో పూడిక తీయిస్తాడు, నాలుగు మామిడి మొక్కలు నాటుతాడు. ఇవన్నీ పదేళ్ళ నమ్మకం మీద చేసే పనులు. ఆ నమ్మకం పోయిన రోజు నుండి భూమిని ఎవరూ తీసుకోకపోయినా అది క్షీణిస్తుంది. మా వైపు సాగు చేయక వదిలిన భూమిని పడావు అంటారు. నేలకు విశ్రాంతి ఇవ్వడానికి రైతు తానుగా వదిలిన పడావు ఒకటి. ఎటూ తేలక పడిపోయినది మరొకటి. మొదటి దానిలో రెండేళ్ళకు సారం పెరుగుతుంది. రెండవ దానిలో సర్కారు తుమ్మ పెరుగుతుంది.

తక్కిన నష్టాలు దీనికి అనుబంధాలు. పాసుపుస్తకంలో పేరు లేదు గనుక పంట ఋణం లేదు. బ్యాంకు లేదు గనుక షావుకారు. 2018లో మొదలైన రైతుబంధు వంటి సాయం రికార్డులోని పేరునే చూస్తుంది గనుక దున్నుతున్నవానికి అదీ లేదు. అన్నదమ్ములు పంచుకోలేరు. ఆడపిల్ల పెండ్లికో, ఆసుపత్రి ఖర్చుకో ఎకరం అమ్ముకోలేరు. పరిహారం పుచ్చుకొన్న ఇంటికీ పుచ్చుకోని ఇంటికీ మాటలు ఆగిపోతాయి. ‘వాళ్ళు సంతకం పెట్టబట్టే మన మీదికి వచ్చింది’ అని వీరు, ‘వీళ్ళు పెట్టకపోబట్టే కంపెనీలు రాలేదు, కొలువులు రాలేదు’ అని వారు. ఆగిన ఒప్పందం ఊరిని రెండుగా చీల్చి, ఆ రెండు పక్షాలనూ ఓడిస్తుంది. కౌలుదారులు, కూలీలు, గొర్రెల కాపరులు ఏ జాబితాలోనూ లేనివారు. వారికి రద్దయినా రాదు, పూర్తయినా రాదు. పాలమూరు కూలి వలసల చరిత్ర తెలిసినవారికి ఆ తరువాత వారు ఎక్కే బస్సు ఏదో చెప్పనక్కరలేదు.

చట్టం కాలాన్ని అసలు పట్టించుకోలేదని అనలేము. ప్రాథమిక ప్రకటన తరువాత 12 నెలల్లో తుది ప్రకటన, అది వచ్చిన 12 నెలల్లో అవార్డు రావాలని నియమం. 101వ విభాగం ఇంకా ముఖ్యమైనది. స్వాధీనం చేసుకొన్న తరువాత అయిదేళ్ళు వాడకుండా ఉంచిన భూమిని అసలు యజమానికి గాని, అతని వారసులకు గాని తిరిగి ఇవ్వాలి, లేదా ప్రభుత్వ భూనిధికి చేర్చాలి. 1894 నాటి పాత చట్టంలో ఈ మాత్రం కూడా లేదు. ఒకసారి ప్రభుత్వానికి దఖలు పడిన భూమి ఏ పనికీ వాడకపోయినా తిరిగి రాదన్నదే పాత చట్టం కింద న్యాయస్థానాల సాధారణ వైఖరి. కనుక 101వ విభాగం నిజంగా ముందడుగే. అయితే అందులోని ‘లేదా’ అన్న మాటను చూడండి. వ్యాకరణంలో సంధి కొన్నిచోట్ల నిత్యం, కొన్నిచోట్ల వైకల్పికం. ఈ చట్టంలో తీసుకోవడం నిత్యం, తిరిగి ఇవ్వడం వైకల్పికం. ఆ ‘లేదా’ ఎటు మొగ్గాలో నిర్ణయించేది భూమిని తీసుకొన్నవారే.

ఇది తెలంగాణకు పరిమితమైన కథ కాదు. అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 2008-09 ప్రాంతంలో 8,844 ఎకరాలు కేటాయించారు. విజ్ఞాన కేంద్రం వెలవలేదు. భూమి మాత్రం బ్యాంకుల తాకట్టులోకీ, దర్యాప్తుల్లోకీ, దివాలా వ్యవహారంలోకీ వెళ్ళింది. రైతు తాకట్టు పెట్టుకోలేని భూమిని, అతని దగ్గర తీసుకొన్నవారు తాకట్టు పెట్టుకోగలిగారు. పశ్చిమ బెంగాలులోని సింగూరులో 2006లో 997 ఎకరాలు కారు కర్మాగారం కోసం తీసుకొన్నారు. 2008 అక్టోబరులో కంపెనీ వెళ్ళిపోయింది. 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ సేకరణను రద్దు చేసి భూమిని తిరిగి ఇమ్మన్నది. కాగితం తిరిగి వచ్చింది. కాంక్రీటు పడిన మడుల్లో పాత సారం మాత్రం అంత త్వరగా రాలేదు. సముద్రాల అవతల మడగాస్కరులో 2008లో ఒక దక్షిణ కొరియా కంపెనీకి 13 లక్షల హెక్టార్లు 99 ఏండ్లకు ఇవ్వబోయిన ఒప్పందం ప్రజల ఆగ్రహానికి గురై, ప్రభుత్వమే కూలి, 2009లో రద్దయింది. అది భూమి చేతులు మారక ముందే ఆగింది. సగం మారిన తరువాత ఆగేవే ఎక్కువ బాధ పెడతాయి.

మా పానగల్‌కు కూడా ఎదురుచూపు కొత్త కాదు. చోడుల నాటి ఉదయసముద్రం ఈనాడు కృష్ణాజలాలను నిలుపుకొనే జలాశయం. శ్రీశైలం నుండి ఎత్తిపోత లేకుండా ఆ నీటిని తెచ్చేందుకు తలపెట్టిన 43.93 కిలోమీటర్ల సొరంగం పనులు 2000ల నడుమ మొదలై, ఇన్నేళ్ళూ సాగి సాగి, 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మందిని బలిగొన్నది. ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగిన జిల్లాలో, నీళ్ళ కోసమైతే భూమి ఇవ్వడానికి రైతు వెనుకాడడు. ఇచ్చిన భూమికి బదులుగా చెప్పిన నీరు సమయానికి రాకపోతే అది కూడా ఆగిన ఒప్పందమే అవుతుంది. పరిశ్రమకు ఒక న్యాయం, కాలువకు ఒక న్యాయం ఉండకూడదు.

పరిశ్రమలు వద్దని నేననను. నేను పాఠం చెప్పిన పిల్లలు ఆ ఔషధ కర్మాగారాల్లో ఉద్యోగాలు చేసుకొని ఇళ్ళు కట్టుకొన్నారు. కాని జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో హరిత పార్కు అని తీసుకొన్న భూమి తరువాత ఔషధ సెజ్ అయినప్పుడు, ఇప్పుడు ఔషధ నగరం అని తీసుకొన్నది మరొకటి అవుతున్నప్పుడు, ‘ప్రయోజనం’ అన్న మాటకు విలువ ఏమిటని అడగక తప్పదు. ప్రయోజనం మారితే సమ్మతి కూడా మళ్ళీ అడగాలి. సంతకం పెట్టినవాడు ఒకదానికి పెట్టాడు, ఏదో ఒకదానికి పెట్టలేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. భూమి తీసుకొనే ప్రతి ప్రకటనలోనూ ఎల్లల పక్కనే ఒక తేదీ కూడా ఉండాలి. ఆ తేదీకి పని మొదలు కాకపోతే, ఎవరి దరఖాస్తుతోనూ పని లేకుండా, ఏ కార్యాలయం చుట్టూ తిరగనక్కర లేకుండా, పేరు దానంతట అదే పాసుపుస్తకంలోకి తిరిగి రావాలి. 101వ విభాగంలోని ‘లేదా’ పోవాలి. నిలిపిన ఏండ్లకు, పోయిన పంటలకు, రాని ఋణాలకు లెక్క కట్టి చెల్లించాలి. భూమికి పరిహారం ఉన్నట్టే, ఎదురుచూపుకు కూడా పరిహారం ఉండాలి.

రాజులు ఆచంద్రార్కం అని వ్రాయించారు. చంద్రసూర్యుల మీద పెట్టిన గడువు రైతుకు అక్కరలేదు. ఫలానా సంవత్సరం, ఫలానా నెల, ఫలానా తేదీ అని వ్రాసి, ఆ మాట మీద నిలబడితే చాలు. ఆ తేదీ తెలిస్తే రైతు బోరు వేయించుకోవాలో వద్దో తనే తేల్చుకొంటాడు.